హోమ్‌ల్యాండర్ ఆ విమానాన్ని నిజంగానే ఆపలేకపోయాడా? ‘ద బాయ్స్’ నాలుగో ఎపిసోడ్ వెనక లెక్కలు

విమానం ముక్కు కిందికి వంగిపోయింది. లోపల పిల్లలతో సహా వందమందికి పైగా ఉన్నారు. వాళ్ల మధ్య ఇద్దరు సూపర్‌హీరోలు నిలబడ్డారు. “బయటికెళ్లి ఎత్తి పట్టుకోవచ్చుగా” అని క్వీన్ మేవ్ అడుగుతుంది. కాళ్లు ఆన్చడానికేముంది, చుట్టూ ఉన్నదంతా గాలే కదా, అంటాడు హోమ్‌ల్యాండర్. కాసేపటికి ఇద్దరూ బయటపడతారు, మిగతావాళ్లంతా సముద్రంలో కలిసిపోతారు.

‘ద బాయ్స్’ మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లోని ఈ సీన్ 2019లో వచ్చింది. సిరీస్‌లో దేని గురించైనా చర్చ మొదలైతే చివరికి దీని దగ్గరికే వచ్చి ఆగుతుంది. కొత్తగా చూసినవాళ్లకు వచ్చే అనుమానం కూడా ఒకటే: అంత బలం ఉన్నవాడికి నిజంగా చేతకాలేదా, చేయాలని లేదా? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో కొంత, విమానం తయారీలో కొంత, ఒక కంపెనీ వ్యాపారంలో కొంత దొరుకుతుంది. సిరీస్ చూడనివాళ్లకు ఒక మాట: మొదటి సీజన్ కథ, రెండో సీజన్ ముగింపు ఇక్కడ విప్పి చెప్పక తప్పదు.

ఎవరు ఎవరు, ఎక్కడ పనిచేస్తారు

గార్త్ ఎనిస్ రాసి డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలు గీసిన కామిక్ 2006 నుంచి 2012 దాకా వచ్చింది. దాన్ని ఎరిక్ క్రిప్కీ అమెజాన్ ప్రైమ్ వీడియో కోసం సిరీస్‌గా మలిచాడు. మొదటి సీజన్‌లోని ఎనిమిది ఎపిసోడ్లూ 2019 జులై 26న ఒకేసారి విడుదలయ్యాయి.

ఈ కథాలోకంలో సూపర్‌హీరోలు ఉద్యోగులు. అందరూ వాళ్లను ‘సూప్’లు అంటారు. వాళ్ల యజమాని వాట్ అనే కంపెనీ. వాళ్లతో సినిమాలు తీస్తుంది, బొమ్మలు అమ్ముతుంది, నగరాలకు కాంట్రాక్టు మీద హీరోలను పంపుతుంది. వాళ్లలో అగ్రశ్రేణి జట్టు పేరు ‘ద సెవెన్’. ఆ జట్టు నాయకుడు హోమ్‌ల్యాండర్ (నటుడు ఆంటొనీ స్టార్) ఎగరగలడు, తుపాకీ గుండుకు లొంగడు, కళ్లలోంచి లేజర్ వదలగలడు. క్వీన్ మేవ్‌కు (నటి డొమినిక్ మెకెల్లిగట్) కండబలం ఉంది కానీ ఎగరడం రాదు. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ బరువంతా దానిమీదే ఉంది. కంపెనీ తరఫున వీళ్లను నడిపేది మాడెలిన్ స్టిల్‌వెల్ (ఎలిజబెత్ షూ). ఆమె అసలు లక్ష్యం సూప్‌లను అమెరికా సైన్యంలో చేర్చి రక్షణ బడ్జెట్‌లో వాటా దక్కించుకోవడం.

ఎపిసోడ్ పేరు ‘ద ఫీమేల్ ఆఫ్ ద స్పీషీస్’. ఇది కిప్లింగ్ 1911 నాటి కవిత పేరు. కామిక్‌లో ‘ద ఫీమేల్’ అని పిలిచే పాత్ర కిమికో కథలోకి వచ్చేది ఇక్కడే, పేరు అందుకే పెట్టారు. నా మటుకు ఈ పేరు మేవ్‌కే ఎక్కువ నప్పుతుంది.

కమాండోలు నేలమీదే ఎందుకు ఆగుతారు

ఒక ప్రయాణికుల విమానం హైజాక్ అయిందన్న కబురు వాట్‌కు అందుతుంది. సూప్‌లను సైన్యంలోకి అనుమతించే బిల్లు కోసం కంపెనీ పాకులాడుతున్న సమయమది. కెమెరాల ముందు ప్రాణాలు కాపాడితే బిల్లుకు ఊపొస్తుంది. ఇద్దరూ గాల్లో ఉన్న విమానంలోకే వెళ్తారు.

నిజజీవితంలో ఈ మొదటి అడుగే ఎవరూ వేయరు. హైజాక్ అయిన విమానాన్ని ఎలాగోలా నేలకు దింపడం, కదలకుండా చూడటం, మాటలతో సమయం గడపడం, ఇక తప్పదనుకున్నప్పుడే తలుపులు బద్దలుకొట్టడం, ఇదీ పద్ధతి. 1977లో జర్మనీ కమాండోలు లుఫ్తాన్సా విమానంలోకి చొరబడింది మొగదిషు రన్‌వే మీద. 1994లో ఫ్రెంచ్ కమాండోలు ఎయిర్ ఫ్రాన్స్ విమానాన్ని విడిపించింది మార్సేలో, అదీ నేలమీదే. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ-814 హైజాక్ విషయంలో ఇన్నేళ్లయినా మనసుకు గుచ్చుకునేది కూడా ఇదే. 1999 డిసెంబర్ 24న ఆ విమానం అమృత్‌సర్‌లో ముప్పావుగంట దాకా ఆగింది, అది ఎగిరిపోయాక ఇక చేయగలిగింది లేకపోయింది.

కారణం చాలా మామూలుది. నేలమీద గురి తప్పితే ఒకరో ఇద్దరో పోతారు. పదివేల మీటర్ల ఎత్తున గురి తప్పితే అందరూ పోతారు. ఈ ముక్క చెప్పే మనిషి గానీ, ముందస్తు రిహార్సల్ గానీ, కాక్‌పిట్ పరిస్థితి తెలిసిన సలహాదారు గానీ ఆ ఇద్దరి వెనక ఎవరూ కనిపించరు. మొదటి ఎపిసోడ్ చివర ఇదే హోమ్‌ల్యాండర్ బాల్టిమోర్ మేయర్ ప్రయాణిస్తున్న చిన్న విమానాన్ని లేజర్‌తో అవలీలగా కూల్చేస్తాడు. కూల్చడం అతనికి బాగా వచ్చు, నిలబెట్టడం ఎవరూ నేర్పలేదు.

లేజర్ దేన్ని కోసింది

క్యాబిన్‌లోని హైజాకర్లను ఇద్దరూ తేలిగ్గానే పడగొడతారు. కాక్‌పిట్‌లో మిగిలినవాణ్ణి హోమ్‌ల్యాండర్ లేజర్‌తో చంపుతాడు. ఆ కిరణం మనిషిని దాటుకుని వెళ్లి కంట్రోల్ ప్యానెల్‌ను కాల్చేస్తుంది. నడిపే పైలట్లు లేరు, నడపడానికి మీటలూ లేవు.

పెద్ద జెట్ విమానంలో ఇంజిన్లు రెక్కల కింద ఉంటాయి. ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకలు తోక దగ్గర ఉంటాయి. వాటిని కదిలించే హైడ్రాలిక్ గొట్టాలు పొట్ట వెంబడి సాగుతాయి. కాక్‌పిట్‌లో ఉండేవి ఆజ్ఞలు పంపే మీటలు, తెరలు మాత్రమే. లేజర్ కోసింది వాటినే. శరీరంతో పోల్చాలంటే నరాలు తెగాయి, కండరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే ఇక్కడ టీవీ నాటకీయత కాస్త ఎక్కువైందని ఒప్పుకోవాలి. వేగం, ఎత్తు సర్దుకుని తిన్నగా పోతున్న విమానం మీటలు కాలిపోయినంత మాత్రాన వెంటనే రాయిలా పడదు. దాని రూపకల్పనలోనే ఒక నిలకడ ఉంటుంది. ముక్కు దిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే రెక్కల ఎత్తుడు పెరిగి ముక్కు మళ్లీ లేస్తుంది. అలా తరంగంలా ఊగుతూ కొంతదూరం పోతుంది, క్రమంగా ఒక పక్కకు ఒరిగి సుడి తిరుగుతుంది. 1989లో యునైటెడ్ 232 విమానానికి హైడ్రాలిక్స్ అన్నీ పోయాయి. పైలట్లు రెండు ఇంజిన్ల ఊపును హెచ్చుతగ్గులు చేస్తూ సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. అయితే వాళ్లకు ఇంజిన్ల మీటలు దక్కాయి, ఇక్కడ అవీ కాలిపోయాయి. కాలిన వైర్లు తప్పుడు ఆజ్ఞ పంపితే ముక్కు వెంటనే దిగడమూ జరగొచ్చు, కాబట్టి సీన్ అసాధ్యం కాదు. తొందరపడింది, అంతే.

రెండు అరచేతులు, రెండు వందల టన్నులు

ఇక అసలు ప్రశ్న. మన తెరమీద హీరో రైలును చేత్తో ఆపితే ఈల వేస్తాం, ఆ రైలు ముందు భాగం నుజ్జవదేమని అడగం. ఈ ఎపిసోడ్ అడుగుతుంది. పట్టుకోవడానికి రెండు అడ్డంకులని హోమ్‌ల్యాండర్ చెప్పేస్తాడు. ఒకటి, ఆనుకోవడానికి నేల లేదు. రెండు, ఆ వేగంలో తాకితే విమానం పొట్టలోంచి తూటాలా దూసుకుపోతాడు, లేదంటే విమానమే తల్లకిందులవుతుంది.

ముందు రెండోదాన్ని లెక్కకడదాం. విమానం బరువు 200 టన్నులు అనుకుందాం, సముద్రాలు దాటే విమానాలకు ఇది మామూలు బరువే. ఒక అరచేయి 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే రెండూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు. బరువంతా వాటిమీదే మోపితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 667 కిలోలు పడతాయి. ఎత్తున ఎగిరేటప్పుడు లోపలి గాలి విమానం తొడుగును బయటికి తోసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.6 కిలో. ఆ తొడుగు తట్టుకోవడానికి తయారైంది ఈ ఒత్తిడినే. అతని చేతుల కింద పడేది దానికి వెయ్యి రెట్లకు పైనే.

తొడుగు ఎప్పుడు చిరుగుతుంది? అల్యూమినియం రేకు మందం 1.5 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు అరచేతుల అంచుల చుట్టుకొలత కలిపి 100 సెంటీమీటర్లు. చిరగాల్సిన లోహం 100 × 0.15, అంటే 15 చదరపు సెంటీమీటర్లు. విమానాల్లో వాడే అల్యూమినియం చదరపు సెంటీమీటరుకు దాదాపు 2,850 కిలోల కోతను తట్టుకుంటుంది. గుణిస్తే సుమారు 43 టన్నులు. 200 టన్నులు మోయడానికి వెళ్లినవాడి చేతులు 43 టన్నుల దగ్గరే రేకు చీల్చుకుని లోపలికి పోతాయి. కండబలం ఎంతున్నా ప్రయోజనం లేదు. విరిగేది పట్టుకునేవాడు కాదు, పట్టు.

పాత సూపర్‌మ్యాన్ కథలు ఈ చిక్కును గమనించనివి కావు. 2006 నాటి ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’లో విమానం రెక్క ఊడిపోతుంది, ముక్కును పట్టుకున్నప్పుడు అదీ నలుగుతుంది. ఆ మేరకు ఆ సినిమా నిజాయితీగానే ఉంది. కామిక్స్ రచయితలు ఒక దశలో ఇంకో ఉపాయం కనిపెట్టారు: తాకిన వస్తువంతటినీ ఒకే ముద్దలా పట్టి ఉంచే అదృశ్యశక్తి ఒకటి హీరోకు ఉంటుందని. హోమ్‌ల్యాండర్‌కు అలాంటి వరమేదీ ఇవ్వలేదు క్రిప్కీ బృందం. ఆ ఒక్క నిర్ణయంతోనే సీన్ పుట్టింది.

అయితే రెక్కలు ఇంకా ఉన్నాయి

ఇంతవరకూ వచ్చి ఆగిపోతే హోమ్‌ల్యాండర్ గెలిచినట్టే. చాలా మంది ఇక్కడే ఆగుతారు. అతని వాదన సగమే నిజమని నేను అనుకోవడానికి కారణం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

విమానాన్ని మోయాల్సిన అవసరమే లేదు. మోసేది రెక్కలు, అవి బాగానే ఉన్నాయి. కావలసింది ముక్కు పైకి లేవడం. బావి దగ్గర ఏతాన్ని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: ఒక కొసను కొద్దిగా తొక్కితే రెండో కొసన పెద్ద బరువు లేస్తుంది. విమానం తోకను కిందికి నొక్కితే ముక్కు లేస్తుంది. తోక పలకలు ఎప్పుడూ చేసే పని అదే. ఆ నొక్కుడు మొత్తం బరువులో కొద్ది శాతం ఉంటే చాలు. 5 శాతం అనుకుంటే 10 టన్నులు. రేకు 43 టన్నుల దాకా చిరగదని ఇందాకే చూశాం, పైగా తోక లోపల గట్టి దూలాలుంటాయి.

పైకి లేచేటప్పుడు రెక్కలు విరగవా? ఎత్తు 3,000 మీటర్లు, కిందికి దిగే వేగం సెకనుకు 100 మీటర్లు అనుకుందాం. ఆ ఎత్తు అయిపోయేలోగా దిగుడు ఆపాలంటే రెక్కలు మామూలు బరువుకు 1.17 రెట్లు ఎత్తితే సరిపోతుంది, సమయం ఒక నిమిషం పడుతుంది. ఎత్తు 500 మీటర్లే మిగిలితే రెండు రెట్లు కావాలి. ప్రయాణికుల జెట్‌లను కనీసం 2.5 రెట్లకు తట్టుకునేలా కడతారు. అంటే ఎంత తొందరగా తోక దగ్గరికి వెళ్తే అంత తేలిక. సీన్‌లో మాటల్లో గడిచిపోయిన ప్రతి సెకనూ ఈ లెక్కలో ఖర్చయిందే.

మరి ఆనుకోవడానికి నేల లేదన్న మాట? న్యూటన్ మూడో సూత్రం ప్రకారం దేన్నైనా తోయాలంటే వెనక ఇంకోటి మనల్ని తోయాలి. నిజమే. కానీ అతను ఎగురుతున్నాడు. గాల్లో ఆగి నిలబడుతున్నాడు, మేవ్‌ను మోసుకొచ్చాడు కూడా. అంటే అతన్ని తోసేదేదో ఒకటి ఉంది. ఎంత తోస్తుందో సిరీస్ ఎక్కడా చెప్పదు. 80 కిలోల మనిషి ఒక్క సెకనులో సెకనుకు 300 మీటర్ల వేగం అందుకుంటాడని ఊహిస్తే, దానికి దాదాపు రెండున్నర టన్నుల తోపు కావాలి. పది టన్నులకు ఇది నాలుగో వంతు. కాబట్టి చేయగలిగేవాడని రుజువు చేయలేం, చేతకాదని అతనూ రుజువు చేయలేదు. ప్రయత్నించనే లేదు.

ఒడ్డున పెట్టలేం, నీళ్లలో దింపగలం

మేవ్ రెండో ప్రతిపాదన, మనుషుల్ని మోసుకెళ్లడం. దీన్ని కొట్టిపారేసేవాళ్లు దూరం గురించి చెబుతారు, అది సరైన అభ్యంతరమే. మనిషి ఒంటిని గాలి చీల్చకుండా సెకనుకు 100 మీటర్లకు మించి తీసుకెళ్లకూడదనుకుంటే, 100 కిలోమీటర్ల దూరంలోని ఒడ్డుకు చేరడానికే పదహారు నిమిషాలు దాటుతుంది. రెండో విడత ఉండదు.

కానీ ఒడ్డుదాకా ఎందుకు? సీట్ల కింద లైఫ్ జాకెట్లు ఉంటాయి. 3,000 మీటర్ల నుంచి నీటి మీదికి దింపడానికి 30 సెకన్లు, ఖాళీ చేతులతో తిరిగి రావడానికి 10. వంద సెకన్లు చేతిలో ఉంటే రెండు విడతలు, కలిసొస్తే మూడు. విడతకు ఇద్దరు చొప్పున నలుగురో ఆరుగురో. పదివేల మీటర్ల ఎత్తునైతే బయటి గాలి మైనస్ యాభై డిగ్రీల దాకా ఉంటుంది, ప్రాణవాయువు పలచన, చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఉండలేరు. వాళ్లలోనూ కొందరు పోవచ్చు. అయినా సున్నా కాదు.

మేవ్ కూడా చివరికి అందర్నీ అడగదు. కనీసం ప్రయాణికుల్లోని ఒక తల్లినీ ఆమె కూతుర్నీ తీసుకెళ్దామంటుంది. ఒక్క విడత. దానికి హోమ్‌ల్యాండర్ ఒప్పుకోడు. అతను చెప్పే కారణంలో బరువు లేదు, గాలి లేదు, న్యూటన్ లేడు. బతికినవాళ్లు మిగతావాళ్లను మనం వదిలేశామని చెబుతారు, అంతే. వెంటపడుతున్న ప్రయాణికుల్ని వెనక్కి తగ్గకపోతే లేజర్‌తో కాల్చేస్తానని బెదిరిస్తాడు.

ఎపిసోడ్ మలుపు తిరిగేది ఇక్కడే. అప్పటిదాకా అతను చెప్పింది అసాధ్యం గురించి, ఇప్పుడు చెబుతున్నది సాక్షుల గురించి. మొదటి వాదన నిజమో కాదో వాదించుకోవచ్చు. రెండోది బయటపడ్డాక మొదటిదాన్ని కూడా నమ్మబుద్ధి కాదు. రచయితలు భౌతికశాస్త్రాన్ని అంత జాగ్రత్తగా ముందు పెట్టింది ఇందుకేననిపిస్తుంది. నిజమైన అడ్డంకి ఒకటి లేకపోతే, దాని చాటున దాక్కునే మనిషి మనకు కనిపించడు.

మేవ్ తప్పు ఎంత

దీనిమీద రెండు అభిప్రాయాలున్నాయి. ఆమె ఎగరలేదు, అతను మోసుకెళ్తేనే బతుకుతుంది, ఎదిరిస్తే ఇంకో శవం అయ్యేది అని ఒక వాదన. ఆ తర్వాత కెమెరాల ముందు అతని పక్కన నిలబడి నోరు విప్పలేదు కదా, అది ప్రాణభయం కాదు, ఉద్యోగభయం అని రెండోది. నేను మొదటిదాన్ని విమానం లోపలి వరకు ఒప్పుకుంటాను, ఒడ్డుకు వచ్చాక ఒప్పుకోలేను. డొమినిక్ మెకెల్లిగట్ ముఖం కూడా ఆ రెండు చోట్లా ఒకేలా ఉండదు. లోపల బతిమాలుతుంది, బయట ఆ ముఖంలో ఏమీ మిగలదు.

శకలాల మధ్య బిల్లుకు ప్రచారం

శకలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాక హోమ్‌ల్యాండర్ కెమెరాల ముందు మాట్లాడతాడు. తమకు కబురు ఆలస్యంగా అందిందని, సైనిక ఆదేశ క్రమంలో తమకూ చోటుంటే గగనతల రక్షణ విభాగం ముందే పిలిచేదని, అప్పుడు ఆ ప్రాణాలు దక్కేవని చెబుతాడు. తను చేసిన తప్పును తనను సైన్యంలో చేర్చుకోవడానికి కారణంగా మారుస్తాడు. బిల్లుకు విజయం తెచ్చిపెట్టాల్సిన పనిని వైఫల్యం ఇంకా బాగా చేసిపెట్టింది.

కామిక్‌లో ఇదే సంఘటన 2001 సెప్టెంబర్ 11న జరుగుతుంది. సెవెన్ చేతకాని ప్రయత్నం వల్ల హైజాక్ అయిన విమానం బ్రూక్లిన్ వంతెనను ఢీకొంటుంది. అక్కడ చరిత్రను తిరగరాసిన దెబ్బ ఉంది. సిరీస్ ఆ తేదీని వదిలేసి ఊహాజనితమైన విమానాన్ని తీసుకుంది. దీనివల్ల పదును తగ్గిందనేవాళ్లున్నారు. కామిక్‌లో చూపు వంతెన మీదికీ నగరం మీదికీ పోతుంది, సిరీస్‌లో సీట్ల వరస దాటి పోదు, ఆ తల్లీకూతుళ్ల దగ్గరే ఆగుతుంది. టీవీకి రెండోదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

సాక్షి ఎవరూ మిగలకూడదని హోమ్‌ల్యాండర్ వేసిన లెక్కలో ఒకటి తప్పింది. కూలుతున్న విమానంలో రికార్డయిన వీడియో సముద్రం అడుగున దొరికి రెండో సీజన్‌లో మేవ్ చేతికి వస్తుంది. ఆ సీజన్ చివరి ఎపిసోడ్‌లో, తను చెప్పినట్టు వినకపోతే లోకమంతా దీన్ని చూస్తుందని ఆమె అతని ముందు నిలబడి చెబుతుంది. విమానంలో ఆమె ఎంత బతిమాలినా వెనక్కి తగ్గనివాడు, ఆ వీడియో చూసి తగ్గుతాడు.